నికర బరువు

గుడిపాల రోడ్డులో కాటా కంప్యూటరు
పొద్దున్నే ఎర్రగీత చూపిస్తా ఉందని ఫోను.
మొన్న నేనే ముప్పై జీబీ ఖాళీ చేసి వచ్చినా.
నిన్న మళ్ళీ నిండింది. ఈపొద్దు మళ్ళీ.
"ఏందమ్మా, రాత్రిళ్ళు ఏదన్నా దూరి మేస్తా ఉందా?"
కుప్పుస్వామినాయుడి గొంతులో
పంది పడిన చెనిక్కాయ చేను.

స్కూటీ మీద పోతా ఉంటే
పల్పు ఫ్యాక్టరీ గేటు నించి రెండు మైళ్ళు ట్రాక్టర్లు.
తోతాపురి మీద వేపమండలు, తడి గోతాలు,
పులిసిన వాసన.

నాయుడికి ధనకోటి మీద అనుమానం.
రాత్రి డ్యూటీ పిల్లోడు, సినిమాలు దింపతా ఉంటాడని.
వెతికినా. ఉండేది ఒకటే సినిమా, అదీ సగం.
ఇంకోటి వాళ్ళ చెల్లెలికి చెవులు కుట్టిన వీడియో.
వాడు నా ఎనక నిలబడి
గోరు కొరుక్కుంటా ఉన్నాడు.
వైరస్ లేదు.
చెత్తబుట్ట నేను కడిగిపెట్టినట్టే ఉంది.

ఇంక మా వదిన బియ్యం డబ్బాలు తట్టినట్టు
ఒక్కో ఫోల్డరూ తట్టుకుంటా పోయినా
ఏది బోలు, ఏది నిండు అని.
దాగి ఉండేవాటిని బయటికి రమ్మన్నా.
అట్టడుగున, కాటా సాఫ్ట్‌వేర్ కడుపులో,
సీజను మొదలైన తేదీ పేరు పెట్టుకొని ఒకటి.
మూడు వందల జీబీ.
తెరిస్తే మిషనుకు ఊపిరాడలేదు.
శానాసేపటికి తెల్లగడుల్లో రంగు తేలింది.

ఫోటోలు.
బరువు సున్నా కాకపోతే చాలు,
సెకనుకొకసారి నాలుగు కెమెరాలూ కన్ను ఆర్పుతాయి.
లారీల దొంగ బరువు పట్టేదానికి
ఎవరో ఎప్పుడో పెట్టిపోయిన ఏర్పాటు.

రాత్రి పదకొండూ నలభై. లారీ లేదు.
ఇనప పలక మీద తుండుగుడ్డ పరుచుకొని ఒక మనిషి.
మూలన తెల్ల అంకె: 55.
పన్నెండుకు ఇంకొకాయన. 120.
బాణం మీట వత్తిపట్టుకుంటే
బొమ్మలు కదిలినాయి.
ఆయన పక్కకు తిరుగుతాడు, కాలు ముడుస్తాడు.
ఎప్పుడొచ్చిందో ఒకామె లేచి కూచోని కొప్పేసుకుంటుంది,
తన ట్రాక్టరు పక్క చూస్తుంది,
మళ్ళీ చెయ్యి తల కింద పెట్టుకుంటుంది.
రెండున్నరకు వాన.
అందరూ ఒక్కపారే లేస్తారు. 0.
మూడింటికి పైటకొంగుతో పలక తుడుస్తా ఆమె. 50.
ఆమాట 115. 170. 255.
చుట్టూ బురద.
రవంత ఎత్తుండేది ఆ పలక ఒకటే.

"నేనే పండుకోమన్నానక్కా" అన్నాడు ధనకోటి మెల్లిగా,
"నాయుడికి చెప్పొద్దు."
నాయుడు అప్పటికే నా భుజం మీదినించి చూస్తా ఉన్నాడు.
కళ్ళజోడు తీసి, పంచెతో తుడిచి, పెట్టుకొని,
"తీసెయ్యి" అన్నాడు,
"సీజను నడవాల గదా."

రెండు గంటల పద్నాలుగు నిమిషాలు మిగిలి ఉందని
గీత పాకతా ఉండగా టీ వచ్చింది.
కిటికీ కాడ చీటీ కోసం నిలబడినాయన్ని
చూడంగానే గుర్తుపట్టినా: యాభై ఐదు.
చెంగల్రాయుడంట.
మొత్తం బరువు, ఖాళీ బరువు, నికర బరువు
చీటీలో మూడుసార్లు చదువుకున్నాడు.
ధనకోటి సంగతి చెప్తే పగలబడి నవ్వినాడు.
"మమ్మల్ని గూడా తూచినారా!
ఈ రేటుకు మా నలుగురినీ అమ్మినా
డీజిలు కర్చు రాదు గదప్పా."

ఒక్క గడి మార్చినా.
సున్నా ఉండే చోట ఐదువందలు కొట్టి,
అంతకు తక్కువది ఏదైనా
చూడాల్సిన పని లేదని చెప్పి, సరే అన్నా.
ఎర్రగీత నీలమయింది.

బండి కాడికి పోవాలంటే ఆ పలక దాటాల.
నడిమధ్యలో ఎందుకో నిలబడినా.
కాళ్ళ కింద ఇనుము ఎండకు చురచురమంటా ఉంది.
అద్దం ఎనక ఎర్ర అంకె వణికి వణికి
60 కాడ కుదురుకుంది.
నాలుగు కెమెరాలూ నా పక్కే తిరిగి ఉన్నాయి.
ఒకటీ కన్ను ఆర్పలేదు.
ఎనకనించి ట్రాక్టరు హారన్ కొట్టింది, జరగమని.